గృహనిర్మాణము – పరప్రాణము

ఇల్లు కట్టి చూడుమనియు, పెండ్లి చేసి చూడుమనియు మన పెద్దలు చెప్పిన మాట నెరుగనివారు లేరు. ఆ మాటలో కష్టమంతయు ఇంటి యజమానునిదే. ఇసుక మోసినవాడు, గోతిలో దిగి మన్ను త్రవ్వినవాడు, ఎత్తున నిలిచి ఇటుక పేర్చినవాడు ఆ సామెతలో కానరారు. ఈ లోపము సామెతతోనే ముగిసియుండినచో మేమీ వ్యాసము వ్రాయ నవసరము లేకపోయెడిది.

2025వ సంవత్సరము మార్చి 26వ తేదీన భద్రాచల పట్టణమున నిర్మాణములో నున్న యొక ఆరంతస్తుల భవనము కూలిపోయెను. పాత కట్టడముపైననే అంతస్తులు పెంచుచు వచ్చిరనియు, తగిన అనుమతులు లేవనియు పత్రికలు వ్రాసినవి. సింగరేణి గనుల రక్షకదళమువారును, జాతీయ విపత్తు దళమువారును వచ్చి రాత్రియు శ్రమించిరి. ఒకనిని ప్రాణములతో వెలికి దీసిరి గాని అతడు బ్రతుకలేదు. శిథిలములలో చిక్కిన ఇరువురు పనివారును మరణించిరి.

ఇట్టి వార్త వినబడినప్పుడెల్ల మనవారు రెండు మాటలు పలుకుదురు. 'వాని ఆయువు అంతటితో సరి' యనునది మొదటిది. 'పెద్ద కట్టడము బలి కోరక మానదు' అనునది రెండవది. ఈ రెండవ మాట యెంత క్రూరమో పలుకువా రెరుగరు. కట్టడము బలి కోరదు. పునాదిలోను, చువ్వలలోను, సిమెంటులోను మిగుల్చుకొనిన రూపాయి కోరును. మొదటి మాట కొంత మర్యాదగా కనబడును గాని దాని ఫలమును అదియే. చచ్చినవానికి కర్మము, బ్రదికినవానికి మినహాయింపు అను సిద్ధాంతము మేము చదివిన శాస్త్రములలో నెచ్చటను కానరాలేదు.

వీనికన్న బలమైన వాద మొకటి కలదు. 'పనివాడు తెలిసియే వచ్చెను, కూలి పుచ్చుకొనెను. వాని నెవరు బలవంతపెట్టిరి?' అందురు. ఈ వాదమును ఒక్క మాటతో కొట్టివేయుట న్యాయము కాదు. గీతకార్మికుడు తాడెక్కుట లేదా? పడవవాడు వరదలో గోదావరిని దాటించుట లేదా? వారి పనులలోను ప్రాణభయము గలదు, వారును డబ్బునకే చేయుదురు. అయినను భేదము గలదు. గీతకార్మికుడు తాను ఎక్కబోవు చెట్టును కన్నులార చూచును. తన మోకును తానే పరీక్షించుకొనును. పడవవానికి నీటి వడి తెలియును. ఐదవ అంతస్తున ఇటుక లందించు కూలివానికి, క్రింది స్తంభములో ఎన్ని చువ్వలున్నవో, ఆ పునాదిని మొదట ఎన్ని అంతస్తులకు వేసిరో ఎట్లు తెలియును? తెలిసినవాడు, లేదా తెలిసికొనదగినవాడు, యజమానుడొక్కడే. ఎరుగని అపాయమునకు వాడు ఒప్పుకొనె ననుట ఎట్లు పొసగును? వానికి చెప్పి, విన్న పిమ్మటనుగదా ఒప్పుదల! చెప్పియుండినచో ఆ మెట్లెక్కెడివాడో, లేదో.

'మేస్త్రికి గుత్త కిచ్చితిని, భారము వానిది' అను సాకును, 'ఇది దైవకార్యము' అను సాకును విచారింపబూనము. గుత్త పత్రమున పని బదిలీ యగును గాని ప్రాణభారము బదిలీ కాదు. దైవకార్యమైనచో జాగ్రత్త యినుమడింపవలెను.

దాదాపు 3,750 సంవత్సరముల క్రిందట బాబిలోను నేలిన హమ్మురాబి శాసనములలో ఈ విషయమున కొన్ని ధర్మములు గలవు. కట్టిన యిల్లు కూలి యజమానుడు చచ్చినచో కట్టినవానికి మరణము. యజమానుని కొడుకు చచ్చినచో కట్టినవాని కొడుకునకు మరణము. బానిస చచ్చినచో బదులుగా బానిస. కట్టుచుండగా పనివాడే చచ్చినచో నేమి యను ప్రశ్న అందు లేదు. మన దేశమున ఆ ప్రశ్న కుత్తరముగా 1996లో నిర్మాణ కార్మికుల చట్టము పుట్టెను. కట్టడపు వ్యయమున నూటికొక రూపాయి వారి సంక్షేమనిధికి చెల్లింపవలెననిరి. 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతులలో ఆ ధర్మములను చేర్చిరి. చట్టము పిమ్మట సొమ్మీయగలదు. ముందుగా దన్ను పెట్టవలసినది మనుష్యుడే.

ఈ అడవి అంచుననున్న కోయగూడెములలో వెదురుదడి అల్లి, మట్టి మెత్తి, పైన గడ్డి కప్పి యిండ్లు కట్టుట యున్నది. కట్టువారు చుట్టపక్కములే, ఉండువారును వారే. ఎరుకయు అపాయమును ఒక్కచోటనే యుండును. ఒకవేళ కూలినను ఆ కప్పు తేలిక. 1969 ఏప్రిల్ 13న భద్రాచల ప్రాంతమున 5.7 తీవ్రతగల భూకంపము వచ్చెను. 2024 డిసెంబరు 4న ములుగు వైపున పుట్టిన 5.3 తీవ్రతగల కంపము ఖమ్మము వరకు తెలిసినది. ఇట్టి నేలపై బరువు పెంచుకొనునపుడు ఆలోచన అక్కరలేదా? పూరిండ్లకు మరలుడని మేము చెప్పుట లేదు; చెదయు, నిప్పును, శ్రావణపు వానయు నెట్టివో అందుండువారికే తెలియును.

భద్రాచలమువారి యిబ్బందియు మే మెరుగుదుము. గోదావరి అచ్చట 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చెను. అట్టి ఊరివారు మేడపై మేడ కోరుట సహజము. 2014లో చుట్టునున్న గ్రామములు ఆంధ్రప్రదేశమునకు పోగా పట్టణము ఇరుకున పడినది. గిరిజనుల భూములను కాపాడు 1970 నాటి మొదటి రెగ్యులేషను ఉండుటచే గిరిజనేతరులకు పట్టాలు, అనుమతులు చిక్కవు. ఆ శాసనము న్యాయమైనదే. కాని అనుమతి రానిచోట పరీక్షయు అక్కరలేదని తలచువారు ఎక్కువైరి. స్తంభము విరుగునప్పుడు పట్టా చూడదు గదా! అనుమతి లేని కట్టడమును మేము సమర్థింపము, కట్టకపోవుటయే మేలు. ఐనను కట్టుచున్నవాని క్రింద పనిచేయువాడు ఏ నేరమును చేయలేదు.

కావున యజమానుడు అడుగవలసినవి కొన్ని గలవు. పాత యింటిపై అంతస్తు వేయకముందు ఒక మూల పునాది త్రవ్వించి ఇంజనీరునకు చూపవలెను. ద్వారము ఏ దిక్కున నుండవలెనో అడుగుటకు పంతులుగారి యింటికి మూడుమార్లు తిరుగువాడు ఇందులకు ఒక్కమారైన తిరుగవచ్చును. గోయి మనిషి యెత్తు దాటినచో ప్రక్కలకు దన్ను పెట్టి, తీసిన మట్టిని గట్టునకు దూరముగా పోయింపవలెను. మేడ ప్రక్కగా విద్యుత్తీగ పోవుచున్నచో పొడవైన ఇనుప చువ్వను పైకెత్తుటకు ముందే ఆ తీగ సంగతి చూడవలెను. పరంజా తాళ్లను ప్రతి ఉదయము చూడవలెను. ఎత్తున నిలుచువానికి నడుముపట్టీ, హెల్మెట్టు కొనియియ్యవలెను. వాని వెల గడపకు వేయు రంగుకన్న ఎక్కువ కాదు.

అన్నిటికన్న అశ్రద్ధ సెంట్రింగు విప్పుటలో కలదు. శ్లాబు వేసిన పిదప కనీసము ఏడు దినములు, కలిపిన సిమెంటైనచో పది దినములు నీరు పట్టవలెను. పదునైదు అడుగులకు మించిన వెడల్పుగల శ్లాబు క్రింద ఊతలు పదునాలుగు దినములు కదల్పరాదు. ఇరువది అడుగులు మించిన దూలము క్రింద ఇరువదియొక్క దినము. అద్దె పలకలు ఆలస్యమైనచో ఖర్చనియు, గృహప్రవేశ ముహూర్తము దాటిపోవుననియు యజమానుడు తొందరపెట్టును. మేస్త్రి తల యూపును. ఊత లాగుటకు క్రిందికి పోవువాడు కూలివాడు. శ్రావణము దాటినచో కార్తికమున ముహూర్తములు గలవు, మాఘమునను గలవు.