గెడ అందినంత మేర

కోనసీమ లంకల్లో పెద్దవాళ్ల దగ్గర 1986 ఆగస్టు వరద మాట ఎత్తితే చాలు, ఎవరి ఇంటి గోడ ఏ జాముకు పడిందో చెప్పుకొస్తారు. భద్రాచలం దగ్గర గోదావరి 53 అడుగులకు చేరితేనే మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. ఆ ఏడు నీరు 75.6 అడుగులకు లేచింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కుల వరద దిగువకు పోయింది. మన కథకు ఆ వరద రాత్రినే తీసుకుందాం.

ఒక లంకలో ఒక రైతు ఉండేవాడు. కాస్త అరటితోట, రెండు పాడి గేదెలు, మట్టిగోడల తాటాకిల్లు. ఆ రోజు మధ్యాహ్నానికి ఎర్రనీరు తోటలోకి వచ్చింది. పొద్దుగూకేసరికి అరుగు మునిగింది. భార్య చంటిదాన్ని భుజాన వేసుకుని, బియ్యం మూట అటక మీదికి నెట్టింది. రైతు మాత్రం రాములవారి పటం ముందు నుంచి కదల్లేదు. నోట రామనామం, మనసులో లెక్కలు. గోడ నానితే? గేదెలు కొట్టుకుపోతే? తోట మీద తెచ్చిన అప్పు? ఒక ప్రశ్న తీరకముందే ఇంకోటి.

చీకటి పడ్డాక ఇంటి ముందుకు పడవ వచ్చింది. పడవ తాత గెడ ఆనించి నిలబడ్డాడు.

"ఎక్కండర్రా. మళ్లీ ఇటు రాలేను."

రైతు గుమ్మంలోకి వచ్చి చూశాడు. చుట్టూ నీళ్ల హోరు తప్ప ఏమీ తెలియడం లేదు.

"తాతా, ఏటిగట్టు కనపడతందా?"

"లేదు."

"మరి ఎటని పోతావు?"

"గట్టు ఏ దిక్కునుందో ఎరుగుదును. గెడ వేస్తాను. నేల తగిలితే తోస్తాను. మళ్లీ వేస్తాను."

"వద్దు తాతా. తెల్లారనీ. గట్టు కనపడ్డాక ఎక్కుతాం. అందాకా రాముడే చూసుకుంటాడు."

తాత మాట్లాడకుండా గెడ కొసతో గోడను పొడిచాడు. గంపెడు మట్టి పెళ్లగా ఊడి నీళ్లలో పడింది.

"నువ్వు నమ్ముకున్నది రాముణ్ణి కాదబ్బాయ్, ఈ గోడని. అది తెల్లారేదాకా ఆగదు."

ఈలోగా భార్య చంటిదాన్ని తాత చేతికి అందించి, తనూ ఎక్కేసింది. "ముందు గేదెల పలుపులు విప్పి రండి. ఈదుకుంటూ అవే పోతాయి" అంది.

రైతు రొమ్ములోతు నీళ్లలో పాకలోకి వెళ్లాడు. నానిపోయిన ముడి ఎంత లాగినా రాలేదు. చూరులో కొడవలి కోసం తడిమి, తీసి, పలుపు కోశాడు. మొదటి పలుపు కోసేటప్పుడు చెయ్యి వణికింది. రెండోది కోసేసరికి వణకడం తగ్గింది. వచ్చి పడవెక్కాడు.

తాత గెడ వేస్తున్నాడు, తోస్తున్నాడు, తీస్తున్నాడు. నడుములోతు. నిలువులోతు. రెండు నిలువులు. నడి ఏట్లో ఒకచోట వేసిన గెడ వేసినట్టే దిగిపోయింది. తాత మోచెయ్యి నీళ్లలో మునిగింది గానీ అడుగు తగల్లేదు. రైతు కెవ్వుమన్నాడు.

తాత గెడ లాగి పడవలో పడేసి, కూర్చుని తెడ్డు అందుకున్నాడు. "ఇక్కడ గెడ అందదు. వడి మనల్ని ఎలాగూ కిందికి తీసుకుపోద్ది. మొన మటుకు గట్టువైపు ఉంచాలి. పడవ అడ్డం తిరిగితే బోల్తాయే. నువ్వు అరవకుండా ఆ డబ్బాతో నీళ్లు తోడు."

నీళ్లు తోడుతూనే అడిగాడు రైతు: "నీకు భయం లేదా తాతా?"

"భయం లేనోడు గోదాట్లో పడవ కట్టకూడదు."

"మరి?"

"ఏరు ఆయనది. తెడ్డు నాది. ఆయన పని నేను చెయ్యలేను, నా పని ఆయన మీద పెట్టను."

చాలాసేపటికి గెడకు నేల తగిలింది. చేరింది వాళ్ల రేవు కాదు. రెండు మైళ్లు దిగువన ఎవరిదో ఊరు. గట్టు మీద పెట్రోమాక్సు దీపాలు పట్టుకున్న మనుషులు చేతులిచ్చి పైకి లాగి, వేడి గంజి పోశారు. వరద తీశాక వెళ్లి చూస్తే ఇల్లు లేదు, నిట్రాడు మాత్రం మిగిలింది. ఒక గేదె ఈదుకుంటూ గట్టు చేరింది. రెండోది దొరకలేదు.

నీతి:

పటం ముందు కూర్చున్నంతసేపూ రైతు దేవుణ్ణి అడిగింది ఒక్కటే: గట్టు చూపించు, అప్పుడు కదులుతాను. చూశాక కదలడానికి నమ్మకంతో పనేముంది? భయంలో చిక్కుకున్నవాడు రేపటిదీ, ఎల్లుండిదీ లెక్క ఇప్పుడే తేలాలంటాడు. ఆ లెక్క తేలదు. ఈ పూట చెయ్యాల్సింది మాత్రం ఎప్పుడూ ఎదురుగానే ఉంటుంది. పలుపు కొయ్యడం, బిడ్డను అందించడం, నీళ్లు తోడడం. దేవుడి మీద భారం వెయ్యడమంటే మన చేతిలో ఉన్న పని మానుకోవడం కాదు, మన చేతిలో లేనిదాని గురించి కుమిలిపోవడం మానుకోవడం.

భయపడితే భక్తి తక్కువైనట్టు కాదు. మొసలి నోట చిక్కిన గజేంద్రుడికి ఆ దేవుడు ఉన్నాడో లేడో అన్న అనుమానమే వచ్చిందని పోతన చెప్పాడు. ఆ అనుమానంతోనే పిలిచాడు, వరదుడు వచ్చాడు. భద్రాచలంలో గుడి కట్టించిన కంచర్ల గోపన్న గోల్కొండ చెరసాలలో రాముణ్ణి బతిమాలాడు, దెప్పాడు, నీకోసం చేయించిన నగలకు ఎంతెంత ఖర్చయిందో లెక్క చెప్పి మరీ నిలదీశాడు. కోపం వచ్చినా మొహం మాత్రం అటు తిప్పుకోలేదు. అందుకే ఆయన రామదాసు.

గెడ అందని చోటు ప్రతి బతుకులోనూ వస్తుంది. ఆపరేషన్ గది బయట కూర్చున్నప్పుడు, ఉద్యోగం పోయి నెలలు గడుస్తున్నప్పుడు, ఎంత తడిమినా అడుగు తగలదు. అప్పుడు మన వంతు మొన తిరగకుండా చూసుకోవడమే. వేళకు మందు వెయ్యడం, తోడున్నవాళ్లతో బాధ చెప్పుకోవడం, అబద్ధానికీ అప్పులవాడి మాయమాటలకూ లొంగకపోవడం, సాయంత్రం దీపం పెట్టి ఒక దణ్ణం పెట్టుకోవడం.

ఇంకొక సంగతి. దేవుణ్ణి నమ్మితే పోయినవన్నీ తిరిగి వస్తాయని ఎవరైనా చెబితే ఒప్పుకోకండి. మనం అనుకున్న రేవుకే చేరుస్తానని ఆయన మాట ఇవ్వలేదు. చేరిన గట్టు మీద చేతులందించే మనుషుల్ని ఉంచుతాడు. ఈ రాత్రి మీ గుమ్మంలోకి నీరు వచ్చి ఉంటే, గట్టు కనపడాలని ఆగకండి. పడవెక్కండి. రేపు మీరు గట్టు మీద ఉంటే, వచ్చేవాళ్లకు చెయ్యి అందించండి.