గట్టుమీది వయ్యారిభామ ఎవరిది?

వాన కాలము తప్పినప్పుడు మన రైతులు రెండు మాటలు పలుకుచున్నారు. ఇది మన పాపమునకు దేవుడు పెట్టిన శిక్ష అనునది ఒకటి. మన చేతిలో ఏమున్నది అనునది రెండవది. ములకలపల్లి ప్రాంతపు సంఘములలో ఈ రెండు మాటలను మేము ప్రతి యేడు వినుచున్నాము. వినుటకు రెండును వినయముగానే యుండును. అయితే ప్రియులారా, అవి నిజమేనా?

మన పెద్దలు కార్తెలనుబట్టి దున్నిరి, కార్తెలనుబట్టి విత్తిరి. ఇప్పుడు మృగశిర వచ్చినను నేల తడవని యేండ్లున్నవి. ప్రత్తి ఏరు దినములలో కుండపోతగా కురిసి, విచ్చిన కాయ చెట్టునే నల్లబడిన యేండ్లున్నవి. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల వరద తరువాత అంతటి నీరు అదే. వరద తీసినచోట, వాన వెనుకబడినచోట, పైరు తేరుకొనకముందే కలుపు లేచును. అందులో మొదటిది వయ్యారిభామ; కాంగ్రెస్ గడ్డి యనియు పిలుచుచున్నారు. పశువు దానిని మేసిన పాలు చేదెక్కును. కలుపు తీయు స్త్రీల చేతులకు దురద, పుండ్లు, కొందరికి ఉబ్బసము కలుగును. గట్టు ఒకరిది, దురద మరియొకరిది!

ముండ్లతుప్పలు ఆదికాండము 3వ అధ్యాయమునుండియే ఉన్నవి గదా అని కొందరందురు. ఉన్నవి. కాని ఈ మొక్క ఆదాము వెంట మనయొద్దకు రాలేదు. దీని జన్మస్థానము అమెరికా ఖండము. మన దేశములో దీనిని 1955లో పూనాలో గుర్తించిరి. కరవు తీర్చుటకు ఓడలలో వచ్చిన గోధుమలతో కలిసి వచ్చినదని పలువురు చెప్పుదురు. అడవిలో తునికాకుకు పోవు దారులను మూయుచున్న పులికంపను, పూలు అందముగా నున్నవని దాదాపు రెండువందల యేండ్ల క్రిందట కలకత్తా తోటకు తెచ్చిరి. సర్కారు తుమ్మను వంటచెరకు కొరకు 1877 ప్రాంతమున కడప జిల్లాలో నాటిరి. పేరులోనే తెలియుచున్నది, నాటినవారెవరో!

మత్తయి 13వ అధ్యాయములోని గురుగుల ఉపమానములో ఒక శత్రువున్నాడు. మనుష్యులు నిద్రించునప్పుడు వచ్చి, విత్తి, పోయెను. మన కథలో శత్రువు లేడు. ఒకరు ఆకలి తీర్పగోరిరి, ఒకరు పూలు కోరిరి, ఒకరు కట్టెలు కోరిరి. ఎవరును మన చేనికి కీడు తలపెట్టలేదు. అయినను కీడు కలిగినది. ఇట్టి కీడును ఏమనవలెను?

ఇక్కడ ఒక మాట. కోతవరకు రెంటిని ఎదుగనియ్యుమని యజమానుడు చెప్పెను గనుక కలుపును విడిచిపెట్టవచ్చునని ఒకరిద్దరు నవ్వుచు మాతో అనిరి. ఆ పొలము లోకమని ప్రభువే వివరించెను. అది సేద్యపు పాఠము కాదు. పైగా గురుగులతో గోధుమలు పెల్లగింపబడునని ఆ యజమానుడు జంకెను. గట్టుమీద గోధుమలెక్కడివి?

ఇక శిక్ష అను మాట. సిలోయములో గోపురము కూలి 18 మంది చచ్చినప్పుడు, వారు తక్కినవారికంటె పాపులు కారని యేసు లూకా 13లో తేటగా చెప్పెను. ప్రత్తి తడిసి అప్పులలో మునిగినవాని యొద్దకు వెళ్లి, నీ పాపము చూచుకొనుమనుట యోబు స్నేహితుల పని. ఆ పాపమునకు వేరే లెక్క యున్నది. గాలిలోని బొగ్గుపులుసు వాయువు, యంత్రముల కాలమునకు ముందు పది లక్షల పాళ్లలో 280 పాళ్లుండెను. ఇప్పుడు 420 దాటినది. అది ముఖ్యముగా బొగ్గు, చమురు కాల్చిన పొగ. వేడెక్కిన గాలి ఎక్కువ తేమను పట్టుకొని ఒక్కమారే కుమ్మరించును. ఆ వాయువు హెచ్చినచోట వయ్యారిభామ మరింత ఏపుగా పెరుగునని పరిశోధనశాలలలో చూచిరి. కాల్చినవారిలో ఎక్కువపాలు దూరదేశపు ధనవంతులది. పోడు చేయు కోయవానిది కాదు. అయినను సహోదరులారా, బొగ్గు మన జిల్లాలోనే త్రవ్వబడుచున్నది, పాల్వంచలో దానితోనే విద్యుత్తు పుట్టుచున్నది, మన పిల్లలు ఆ దీపమునొద్దనే చదువుచున్నారు. మన పాలు చిన్నది; చిన్నది గనుక లేదనరాదు.

నిర్గమకాండము 22:6ను మన రైతులు నిదానముగా చదువవలెనని మా కోరిక. ఒకడు నిప్పు రాజేయగా, అది ముండ్లకంపకు అంటుకొని పొరుగువాని పంట కాలినయెడల, రాజేసినవాడు నష్టము అచ్చుకొనవలెను. వాని మనస్సులో పగ యున్నదా అని ధర్మశాస్త్రము అడుగలేదు. శత్రువు లేకపోయినను అప్పు ఉన్నదన్నమాట. ఈ ధర్మము గొప్ప దేశములమీద నిలుచును. అదే ధర్మము మన గట్టుమీదను నిలుచును. ఒక్క వయ్యారిభామ మొక్క 15 వేలనుండి 25 వేల విత్తనములు రాల్చును. అవి గాలికి, కాలువ నీటికి, పశువుల కాళ్లకు అంటి, కూలివారిని పెట్టుకొనలేని విధవరాలి చేనికి చేరును. వాన మన చేతిలో లేదనుట నిజము. ఈ విత్తనమో?

దీనిని తిను పెంకుపురుగును మెక్సికోనుండి తెచ్చి 1984లో బెంగుళూరులో విడిచిరి. అది కొంత మేలు చేసినది. కాని వానలలోనే పని చేయును, అన్నిచోట్ల సరిపోదు. చేతిపనియే మిగిలినది. మొలచిన నెల దినములకే పూతకు వచ్చును గనుక, పూయకముందే పీకవలెను. పీకినదానిని గుంటలో వేసి ఎరువు చేయవచ్చును. చేతులకు గుడ్డ చుట్టుకొనుడి, ముక్కుకు కట్టుకొనుడి. ఒక్కడు తన గట్టు బాగుచేసిన చాలదు, ప్రక్కగట్టు విత్తనమే మరల వచ్చును. కాబట్టి దారులు, చెరువుకట్ట, బడి ఆవరణము, మందిరపు ఆవరణము కలిపి ఊరంతయు ఒక దినము నియమించుకొనవలెను. మన సంఘస్థులు మాత్రమే కాదు, ఊరివారందరు. ఆ దినము మంచి వాన కురిసిన మరునాడైతే మేలు. తడిసిన నేలలో మొక్క వేరుతో ఊడివచ్చును. ఎండిన నేలలో కాండము తెగి, మిగిలిన మోడు మరల చిగుర్చును.