మూడు సెకన్ల తేడా

త్రిభుజాలు, కొలతలు, సగటు. ఉన్నత పాఠశాల గణితంలో ఈ మూడూ వేర్వేరు అధ్యాయాలు. పరీక్షకు చదివే పిల్లలు ఒకటి ముగించి పక్కన పెట్టి మరొకటి మొదలుపెడతారు. వీటి మధ్య చుట్టరికం ఏమిటని అడగడానికి పుస్తకంలో చోటు లేదు. ఆ చుట్టరికాన్ని కలిపింది మనిషి పొరపాటేనని నా నమ్మకం. పియేర్ మెషాన్ అనే ఫ్రెంచి ఖగోళవేత్త జీవితం చదివిన ప్రతిసారీ ఆ నమ్మకం గట్టిపడుతుంది.

1791లో ఫ్రెంచి విజ్ఞాన అకాడమీ ఒక నిర్ణయం తీసుకుంది. ఉత్తర ధ్రువం నుంచి భూమధ్యరేఖ దాకా ఉన్న దూరాన్ని కోటి భాగాలు చేసి, అందులో ఒక భాగాన్ని మీటరు అనాలి. అప్పటిదాకా ఆ దేశంలో ఊరికో కొలత. తమ దగ్గర ధాన్యం కొలుచుకునే ప్రభువుల కొలపాత్రలు ఏడాదికేడాది పెద్దవవుతున్నాయని రైతుల మొర. మన దగ్గరా కుంచం, మానిక ఊరు మారితే మారేవి; 1956 చట్టం తర్వాతే మీటర్లు, కిలోలు దేశమంతటా నెమ్మదిగా స్థిరపడ్డాయి. కనుక మీటరు వెనక ఉన్నది లెక్కల మోజు ఒక్కటే కాదు, న్యాయం మీద ఆశ కూడా. బలవంతుడు సాగదీయలేని కొలబద్ద ఒకటి కావాలి. భూమి ఏ రాజు సొత్తూ కాదు గనుక భూమినే కొలబద్దగా ఎంచుకున్నారు.

ఆ పని మీద 1792లో ఇద్దరు ఖగోళవేత్తలు బయలుదేరారు. డన్‌కర్క్ నుంచి రొదెజ్ దాకా దెలాంబ్ర్, అక్కడి నుంచి బార్సిలోనా దాకా మెషాన్. వెయ్యి కిలోమీటర్ల పొడవునా నేల మీద బద్దలు పరుస్తూ పోవడం కుదరదు. పదో తరగతి పిల్లలు ఊర్ధ్వకోణంతో గోపురం ఎత్తు కట్టే పద్ధతే వీళ్లకూ దిక్కు. ఒక భుజం పొడవు, కోణాలు తెలిస్తే మిగిలిన భుజాలు వాటంతట అవే తెలుస్తాయి. చర్చి గోపురం మీద నుంచి కోట బురుజును, బురుజు మీద నుంచి కొండ కొమ్మును చూసి కోణాలు కొలుస్తూ వందకు పైగా త్రిభుజాలను గొలుసుగా అల్లారు. నేల మీద నేరుగా పొడవు కొలిచింది రెండే చోట్ల, మెలాన్ దగ్గర, పెర్పిన్యాఁ దగ్గర. పదేళ్లకు, 1802లో, విలియం లాంబ్టన్ మద్రాసులో మొదలుపెట్టిన మహా సర్వేదీ ఇదే పద్ధతి. ఆ పనిలోనే కృష్ణా గోదావరుల మధ్య అడవుల్లో జార్జ్ ఎవరెస్ట్ జ్వరాన పడి, కోలుకోవడానికి 1820లో కేప్ ఆఫ్ గుడ్ హోప్ దాకా వెళ్లాడు. ఆయన పేరు శిఖరానికి దక్కింది. పరికరాలు మోసి అదే జ్వరాన పడ్డ కూలీల పేర్లు మనకు తెలియవు.

పాఠ్యపుస్తకంలో త్రిభుజం కోణాల మొత్తం 180 డిగ్రీలు, వెంట్రుకవాసి తేడా ఉండదు. మెషాన్ త్రిభుజాల్లో ఎన్నడూ అంత రాదు. భూమి గుండ్రన కనుక మొత్తం కొద్దిగా ఎక్కువ రావాలి. కన్ను, గాలి, ఇత్తడి పరికరం తలా కొంచెం తేడా కలుపుతాయి కనుక ఆ రావలసినంత కూడా రాదు. ఈ రెండింటిలో ఏది నిజమైన త్రిభుజం? యూక్లిడ్ బిందువుకు భాగాలు లేవు, రేఖకు వెడల్పు లేదు. అలాంటి బిందువును ఎవరూ చూడలేదు, అయినా దాని మీద కట్టిన రుజువును ఎవరూ కాదనలేరు. కోట బురుజు కళ్లెదుటే ఉంది, దాని స్థానం గురించి మాత్రం ఎప్పటికీ పూర్తి నిశ్చయం లేదు. చూడనిది ఇంత ఖచ్చితం, చూసేది ఇంత అనిశ్చితం ఎందుకయింది? పదిహేనేళ్ల వయసులో ఈ ప్రశ్న రావాలి. వచ్చినప్పుడు సిలబస్ వెనకబడుతుందని దాటేస్తున్నాం.

1793లో ఫ్రాన్సుకూ స్పెయిన్‌కూ యుద్ధం వచ్చింది. మెషాన్ బార్సిలోనాలో చిక్కుపడ్డాడు. మోంజూయిక్ కొండ కోట నుంచి నక్షత్రాలను చూసి అక్షాంశం కట్టడం అప్పటికే అయిపోయింది. ఇప్పుడు ఆ కోటలోకి అనుమతి లేదు. ఊరికే ఉండలేక, బస చేసిన సత్రం నుంచి మళ్లీ నక్షత్రాలను కొలిచాడు. సత్రానికీ కోటకూ మధ్య దూరం త్రిభుజాలతో కట్టి చూస్తే రెండు లెక్కలూ కలవాలి. కలవలేదు. మూడు సెకన్ల చిల్లర తేడా. సెకను అంటే ఇక్కడ డిగ్రీలో 3600వ వంతు. నేల మీద చూస్తే ఆ తేడా సుమారు వంద మీటర్లు.

అతన్ని కుంగదీసింది ఆ వంద మీటర్లే. ఏ కొలతకు ఆ కొలతగా చూస్తే అంకెలన్నీ దగ్గరదగ్గరగా, ముచ్చటగా ఉన్నాయి. రెండూ ఎదురెదురుగా నిలబెడితే కొట్లాడుకుంటున్నాయి. తప్పు తనదే అనుకున్నాడు. సత్రపు కొలతలను బయటపెట్టలేదు, నోటుపుస్తకాల్లో కొన్ని అంకెలు దిద్దాడు. 1799లో ప్లాటినం మీటరు కడ్డీ తయారైంది, అందరూ మెచ్చుకున్నారు, ఆ మెప్పు అతనికి రుచించలేదు. కొలతను మరింత దక్షిణానికి సాగిస్తే పాత తప్పు పరిహారమవుతుందని మళ్లీ స్పెయిన్ వెళ్లాడు. 1804లో అక్కడే జ్వరంతో చనిపోయాడు. పుస్తకాలు దెలాంబ్ర్ చేతికి వచ్చాక దిద్దుబాట్లు బయటపడ్డాయి.

మెషాన్ చేసింది మోసమా? అతను ఏ లాభమూ పొందలేదు. దాచినందువల్ల ఎవరి కొలతా చెడలేదు కూడా. మీటరు కడ్డీ దాదాపు 0.2 మిల్లీమీటరు పొట్టిగా వచ్చిన మాట నిజమే, దానికి ముఖ్య కారణం భూమి ధ్రువాల దగ్గర ఎంత చదునుగా ఉందన్న అంచనా తప్పడం. 1828లో నికొలే అనే ఖగోళవేత్త మెషాన్ అంకెలనే తిరిగి లెక్కించి, నడినెత్తికి ఉత్తరాన ఉన్న నక్షత్రాలనూ దక్షిణాన ఉన్నవాటినీ తూకంగా తీసుకుంటే తేడా చాలావరకు పోతుందని చూపాడు. లోపం ఎక్కువగా పరికరం ఒకే పక్కకు ఒరగడంలో ఉంది. అయినా అంకెలు దిద్దడం నా మనసు ఒప్పుకోదు. ఇవి మనుషులందరివీ అని ప్రకటించిన కొలతలు. వాటిలోని సందేహం కూడా అందరిదే. దాన్ని ఒక్కడు తన గుండెలో దాచుకునే హక్కు లేదు. ఆ మాట అన్న వెంటనే ఇంకో ప్రశ్న లేస్తుంది: దాచకుండా చెప్పడానికి అతనికి ఆనాడు భాష ఉందా?

ఆ భాష 1805లో, అతను పోయిన మరుసటి ఏడాది వచ్చింది. తోకచుక్కల కక్ష్యల మీద గణితవేత్త లెజాండ్ర్ రాసిన పుస్తకానికి చివర ఒక అనుబంధం ఉంది. కొలతలు ఒకదానితో ఒకటి పొసగనప్పుడు, విచలనాల వర్గాల మొత్తం అన్నిటికన్నా తక్కువయ్యే విలువను తీసుకోండి అంటుంది. అందులో ఉదాహరణగా వాడింది ఈ ఫ్రెంచి ధ్రువరేఖ కొలతలనే. ఒకే రాశిని పదిసార్లు కొలిస్తే ఆ నియమం ఇచ్చే జవాబు మనం బడిలో నేర్చుకునే సగటు. సగటు నుంచి విచలనాల మొత్తం సున్నా అని పిల్లలు బట్టీ పడతారు. ఆ సున్నాలో ఉన్న ఔదార్యం నన్ను కదిలిస్తుంది. ఎక్కువ చూపిన అంకెనూ తక్కువ చూపిన అంకెనూ దోషిగా వెళ్లగొట్టకుండా అన్నిటికీ మాట్లాడే చోటు ఇస్తుంది. ఒరిగిపోయిన పరికరాన్ని సగటు సరిచేయలేదు, అది వేరే రోగం. కానీ పొరపాటు అప్పటినుంచి మనస్సాక్షి వ్యవహారంగా మాత్రమే మిగల్లేదు, పట్టికలో రాసి పెట్టగల సంగతి అయింది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సి.ఆర్.రావు 1945లో ఇంకా ముందుకు వెళ్లాడు. చేతిలో ఉన్న సమాచారం ఇంతే అయినప్పుడు, ఒక పక్కకు మొగ్గని ఏ అంచనా అయినా కొంత చెదిరి తీరుతుందని, ఎంత నేర్పరి అయినా ఆ చెదురును ఒక హద్దు కన్నా తగ్గించలేడని రుజువు చేశాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై అయిదు.

అయితే ఈ కథ ఇక్కడ మలుపు తిరుగుతుంది, ఆ మలుపు నన్ను కలవరపెడుతుంది. బ్రస్సెల్స్‌లో కెత్లే అనే ఖగోళవేత్త నక్షత్రాల మీద వాడే ఈ లెక్కను మనుషుల మీదకు తెచ్చాడు. 1835లో వచ్చిన అతని పుస్తకం సగటు మనిషిని ఒక ఆదర్శంగా నిలబెట్టింది. నక్షత్రం ఎత్తును ఇరవైసార్లు కొలిస్తే సగటు వెనక ఒక నిజమైన ఎత్తు ఉంది. మన విచలనాలు దాని చుట్టూ మనం చేసిన పొరపాట్లు. ఇరవై మంది పిల్లల ఎత్తులు కొలిచి సగటు కడితే దాని వెనక ఎవరున్నారు? ఆ ఎత్తుతో ఒక్క బిడ్డ కూడా ఉండకపోవచ్చు. సూత్రం అదే, కూడిక, భాగహారం అవే, అర్థం మాత్రం తలకిందులైంది. మొదటి చోట విచలనం మన లోపం, రెండో చోట విచలనమే ఆ బిడ్డ.

ఈ తేడా చెప్పకుండా సగటు నేర్పితే ఏమవుతుందో తరగతి గదిలో చూస్తూనే ఉన్నాం. సగటుకు దిగువ మార్కులు వచ్చిన పిల్ల తనను తాను కొలతలో వచ్చిన తప్పుగా భావించుకుంటుంది. తలసరి ఆదాయం పెరిగిందన్న వార్త చదివి, తన సంపాదన పెరగని మనిషి లోపం తనలోనే వెతుక్కుంటాడు. కొద్దిమంది బాగా సంపాదిస్తే సగటు వాళ్ల వైపు జరిగిపోతుందనీ, వరుసలో నడిమి మనిషిని చూపే మధ్యగతం అంత తేలిగ్గా కదలదనీ పదో తరగతి పుస్తకంలోని పాఠంతోనే చెప్పవచ్చు. బాహుళకం, మధ్యగతం, సగటు మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ప్రశ్న మరిచిపోయి మూడు సూత్రాలు మిగుల్చుకున్నాం.

నేను ఉపాధ్యాయులను కోరేది చిన్న పని. తరగతిలో పిల్లలందరిచేతా ఒకే బల్ల పొడవును మిల్లీమీటర్ల దాకా కొలిపించి, ఒకరి అంకె ఒకరికి కనబడకుండా రాయించండి. పక్కనే వాళ్ల ఎత్తుల పట్టిక వేయండి. రెండింటికీ సగటు, విచలనాలు కట్టించండి. మొదటి పట్టిక దగ్గర టేపు ఎవరు వదులుగా పట్టారని వాదులాట వస్తుంది, రానివ్వండి. తర్వాత రెండో పట్టికలో సగటుకు అందరికన్నా దూరంగా ఉన్న అంకెను చూపించి, ఇది ఎవరి పొరపాటని అడగండి.