కానుకల సంచిలో ఓటు డబ్బు

2024 మే నెలలో ఎన్నికలు జరిగిన మరుసటి ఆదివారమున, ఆరాధన ముగిసిన పిమ్మట మా సంఘ సహోదరి యొకతె కోశాధికారి చేతికి ఒక కవరు ఇచ్చెను. అందులో రెండు వందల రూపాయలుండెను. "ఓటుకు రెండు వేలిచ్చినారయ్యా. దశమ భాగము దేవునిదే కదా" అని ఆమె చెప్పెను. ఆ మాటలో కపటమేమియు లేదు. కూలికి పోయి ఇద్దరు పిల్లలను చదివించుకొనుచున్న తల్లి ఆమె. వచ్చినదానిలో దేవుని భాగము ముందుగా తీసిపెట్టుట ఆమెకు చిన్ననాటి అలవాటు. రసీదు వ్రాయవలెనో మానవలెనో తెలియక కోశాధికారి నా వైపు చూచెను. సంఘ పెద్దనైన నాకును ఏమియు తోచలేదు.

ప్రియులారా, ఈ విషయములో మనలో అనేకులయొద్ద ఒక జవాబు సిద్ధముగా నున్నది. "వారిచ్చునది మనయొద్ద దోచినదే. అందరియొద్దను తీసికొని, మనస్సాక్షి చెప్పినవానికే వేయుదుము. ఇందులో పాపమేమి?" అందురు. వినుటకు తెలివైన మాటయే. కాని నోటు పుచ్చుకొనునప్పుడు, పైకి చెప్పినను చెప్పకున్నను, మనము ఒక మాట ఇచ్చుచున్నాము. ఆ మాట నిలుపుకొంటిమా, ఓటు అమ్మినవారమగుదుము, తప్పితిమా, అబద్ధికులమగుదుము. మూడవ దారి నాకు కనబడలేదు.

చట్టమునకు ఇందులో సందేహము లేదు. నాటి శిక్షాస్మృతిలోను, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోను ఓటుకై లంచమిచ్చువాడును పుచ్చుకొనువాడును ఇద్దరును నేరస్థులే. అయినను పోలీసు భయముచేత మానినవాడు పోలీసు లేని వీధిలో మానడు గనుక ఆ సంగతి విడిచిపెట్టుచున్నాను.

ఈ ఓటు మనకెట్లు వచ్చినదో తలంచుడి. 1937 ఎన్నికలలో ఆస్తియో, పన్నో, చదువో ఉన్నవారికే ఓటుండెను. ఊరి చివర గుడిసెలలో బ్రదికిన మన తాతలలో ఎక్కువమందికి అది లేదు. 1951-52 సాధారణ ఎన్నికలలో దొరయు పాలేరును ఒకే వరుసలో నిలువబడిరి. దొర ఓటుకెంత విలువయో పాలేరు ఓటుకును అంతే విలువ. దేవుడు మనుష్యుని తన పోలికెలో చేసెనని గుడిలో వినుచున్న సంగతి ఆ దినమున బడిగదిలో కంటికి కనబడెను.

మన తెలుగు సంఘముల చరిత్రలోని మరియొక సంగతియు నాకు తరచు జ్ఞాపకమునకు వచ్చుచుండును. 1876-78 నాటి గొప్ప కరువులో ఒంగోలు మిషనరీయైన క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి దొరకునట్లు చేసెను. అనేకులు బాప్తిస్మము అడిగిరి. కరువు సహాయము జరుగుచున్నంత కాలము ఆయన ఇయ్యలేదు. గింజల కొరకు విశ్వాసులగుదురేమోయని ఆయన భయము. ఆ సహాయము నిలిచిపోయిన తరువాత, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒక చేతిలో అన్నము, ఎదుట ఆకలి. ఆ రెంటిని ముడివేయుటకు ఆయన ఒప్పుకొనలేదు. ఎన్నికల ముందు రాత్రి మన వీధులకు వచ్చువారు వేయునది ఆ ముడియే.

ఇక ఆ కవరు సంగతి. యూదా పారవేసిన ముప్పది వెండి నాణెములను ప్రధానయాజకులు కానుక పెట్టెలో వేయక, కుమ్మరి పొలము కొనిరని మత్తయి సువార్త 27వ అధ్యాయములో నున్నది. ఆ ఆధారముతో కవరు తిరిగి ఇచ్చివేయుదమని పెద్దలమందరము నిశ్చయించితిమి. ఇంటికి వెళ్లి ఆ భాగము మరల చదువగా నాకు సిగ్గు కలిగెను. ఆ నాణెములు యూదాకు ఇచ్చినదెవరు? ఆ యాజకులే. సొమ్మును గూర్చి అంత నిష్ఠ గలవారు తమ చేతులను చూచుకొనలేదు.

మేమేమి చేసితిమి? ఎన్నికలకు నెల ముందు ఒక అభ్యర్థి మమ్మును పిలిపించి, గుడికి ప్రహరీ గోడ కట్టింతునని చెప్పెను. టీ త్రాగి, వందనములు చెప్పి వచ్చితిమి. ఆదివారమున ఆయన గుడికి రాగా ముందు కుర్చీ వేసి మైకు ఇచ్చితిమి. యాకోబు తన పత్రిక రెండవ అధ్యాయములో ఏ కుర్చీని గూర్చి వ్రాసెనో అదే కుర్చీ. ఫలానివారికి ఓటు వేయుడని మేమెవరితోను చెప్పలేదు, చెప్పవలసిన అవసరమేమున్నది? తలుపు ప్రక్కన చాపమీద కూర్చున్న ఆ సహోదరి రెండు వేలకు ఒక్క ఓటు ఇచ్చెను. మేము గోడకు సంఘమంతటిని ఇచ్చితిమి.

గోడ సగము లేచి ఆగినది. వానకాలములో మా వీధి మురుగు కాలువ సంగతి అడుగబోగా, "మీకు గోడ ఇచ్చితిమి కదా" అనిరి. మేము మారు మాటలాడలేకపోతిమి. ఎవని ఎద్దునైనను నేను తీసికొంటినా అని వృద్ధుడైన సమూయేలు జనులందరియెదుట నిలిచి అడుగగలిగెను గనుకనే, ఆ దినమున వారిని గద్దింపగలిగెను.

కవరు తిరిగి ఇచ్చుటకు అయ్యగారును నేనును ఆ సహోదరి ఇంటికి వెళ్లితిమి. ఆమె కోపపడలేదు. కవరు పుచ్చుకొని, "మరి గోడ అయ్యా?" అని అడిగెను.