సీసాలో ఊరుతున్నదేమిటి?

అనాసపండు తొక్కలు, బెల్లం ముక్క, దాల్చినచెక్క, నీళ్లు. గాజు సీసాకి పల్చటి గుడ్డ కట్టి వంటింటి గట్టుమీద పెట్టాను. రామచంద్రపురం ఎండలకి రెండోరోజుకే నురగ పట్టింది. మెక్సికోలో దీన్ని తెపాచే అంటారు. పేరు నాహువాతల్ భాషది. ఒకప్పుడు మొక్కజొన్నతో చేసేవారట.

అమ్మ వాసన చూసి "మీ అమ్మమ్మ తరవాణి గుర్తొస్తోందే" అని మురిసిపోయింది. గంజీ బియ్యం కడుగూ పోసి పులియబెట్టి, అందులో రాత్రి అన్నం నానబెట్టి, వేసవి పొద్దుటిపూట పెట్టేది అమ్మమ్మ. ఆ కుండకి మడి. బయటున్న మూడురోజులూ మేం దాని దరిదాపులకి పోకూడదు. పులియబెట్టే సూక్ష్మజీవులకి లేని అంటు మాకుండేది!

మా ఇంట్లో పనిచేసే ఆమెకి ఒక గ్లాసు ఇచ్చాను. మూతి దగ్గరికి తీసుకెళ్లి కిందపెట్టేసింది.

"ఇది ఊట కదండీ అమ్మాయిగారూ. మా పేటలో డ్రమ్ములో కనపడితే జీపొచ్చేత్తాదండి." కాసేపాగి, "మా ఆయన ఈ వాసనతోనే పోయాడండి" అంది.

వందల లీటర్ల బెల్లపు ఊట ధ్వంసం అన్న వార్త జిల్లా పేజీలో ఎన్నిసార్లు చదివి తిప్పేశానో! ఆ ఊటని బట్టీ మీద కాచి ఆవిరి పడితే సారా. నేను కాచను, మూడోరోజు వడకట్టి ఫ్రిజ్‌లో పెడతాను. తేడా ఉంది, కాదనను. కానీ నన్ను ఆ తేడా నిరూపించుకోమని ఎవరూ అడగలేదు. అమ్మమ్మది చలువ, నాది ప్రయోగం, ఆమె పేటలోది నేరం. తొలి మూడురోజులూ లోపల జరిగేది మాత్రం ఒకటే, తీపి పులియటం.

సారా వ్యతిరేక కథల మీద నా పరిశోధనలో ఒక అధ్యాయమే ఉంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు, 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం, 1997లో దాని సడలింపు... అన్నీ తేదీలతో సహా రాశాను. ఆ ఆడవాళ్ల కోపం పులుపు మీద కాదు, కూలిడబ్బుల్ని మింగి ఒంటిమీద దెబ్బలు మిగిల్చిన దుకాణం మీద అని వాదించాను. ఆ వాదన ఇప్పటికీ సరైనదే అనుకుంటున్నాను. అయితే ఆ వాసన ఎలా ఉంటుందో నా అధ్యాయంలో ఎక్కడా లేదు. ఆమె చేతికి గ్లాసు ఇచ్చినప్పుడు నాకది తట్టనైనా లేదు.

నా సరదాలో తప్పు లేకపోవచ్చు. ఆమె ఎదుట కూడా అది తప్పు లేని సరదాగానే ఉంటుందా?

మర్నాడు ఆమె రాకముందే సీసాని మేడమీది గదిలోకి మార్చాను. అది ఆమెపట్ల మర్యాదో, నా మొహమాటమో తేల్చుకోలేకపోయాను. గట్టు తుడుస్తూ అడిగింది:

"నిన్నటిది అయిపోయిందాండి?"

అయిపోయిందన్నాను.