పదివేల అడుగుల పైన ప్రామాణ్యవాదం

మనకు కలిగిన జ్ఞానం నిజమో కాదో ఎలా తెలుస్తుంది? జ్ఞానం తనకు తానే ప్రమాణం, తప్పని తేలేదాకా ఒప్పే అంటారు మీమాంసకులు. నైయాయికులు ఒప్పుకోరు, రుజువు బయటి నుంచి రావాలంటారు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీలో తత్వశాస్త్రం చదివేవాళ్లకు ఈ తగాదా కొత్తది కాదు. అక్కడి నుంచి తార్నాక దాటి ఉప్పల్ రోడ్డులో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీకి వెళ్తే, ఆ ప్రయోగశాలల్లో ఏ త్రాసూ తన తూకానికి తానే పూచీ పడదు. తెలిసిన బరువుతో సరిచూశాకే దాని మాట చెల్లుతుంది. మనసును కూడా అలాగే సరిచూడాలా అన్నది నా ప్రశ్న. దానికి సూటైన జవాబు, చిత్రంగా, చిన్న విమానంలో పైలట్ పక్కనుండే ఆక్సిజన్ సిలిండర్ దగ్గర దొరుకుతుంది.

ఎంత ఎత్తుకు వెళ్లినా గాలిలో ఆక్సిజన్ పాలు దాదాపు 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. 18,000 అడుగుల దగ్గర అది నేల మీద ఉన్నదాంట్లో సగం. ఊపిరాడని బాధ కలిగించేది ముఖ్యంగా ఒంట్లో పేరుకునే కార్బన్ డయాక్సైడ్. పైన అది మామూలుగానే బయటికి పోతుంటుంది కాబట్టి ఆ బాధ ఉండదు. మెదడుకు ఆక్సిజన్ చాలకపోయినా మనిషికి హాయిగా, ధీమాగా కూడా అనిపించవచ్చు. 1875 ఏప్రిల్ 15న ఫ్రాన్స్‌లో జెనిత్ అనే బెలూన్‌లో ముగ్గురు ఎనిమిది వేల మీటర్ల పైకి వెళ్లారు. ఆక్సిజన్ సంచులు చేతికందే దూరంలోనే ఉన్నాయి. అయినా ఇద్దరు చనిపోయారు. బతికిన గాస్టన్ టిసాండియే, పైన బాధేమీ తెలియలేదని, లోపల సంతోషంగా ఉందని, తీరా గొట్టం అందుకోబోతే చెయ్యి కదల్లేదని రాశాడు. 2014 సెప్టెంబర్ 5న అమెరికాలో రోచెస్టర్ నుంచి బయల్దేరిన టీబీఎం-900 అనే చిన్న విమానంలో పైలట్ ఏదో తేడాగా ఉందని గుర్తించి కిందికి దిగడానికి అనుమతి అడిగాడు. కొంత దిగాడు కూడా. ఇంకా దిగమన్నప్పుడు సరేనన్నాడు గానీ దిగలేదు. విమానం తనంతట తాను వెళ్లి జమైకా దగ్గర సముద్రంలో కూలింది. అందులోని ఇద్దరూ పోయారు.

మీమాంసకుడి తరఫున ఒక మాట చెప్పాలి. అతను గుడ్డి నమ్మకం బోధించలేదు. జ్ఞానాన్ని పుట్టించే కారణంలో దోషం కనిపిస్తే ఆ జ్ఞానాన్ని పక్కన పెట్టమనే అన్నాడు. చిక్కేమిటంటే, ఇక్కడ చెడింది దోషాన్ని పట్టాల్సిన బుద్ధే. పోనీ, పని ఫలిస్తే జ్ఞానం ఒప్పని తేలుతుందనే నైయాయికుడి పరీక్ష పెడదామంటే అంత వ్యవధి లేదు. 25,000 అడుగుల దగ్గర తెలివిగా పనిచేయగలిగేది మూడు నుంచి అయిదు నిమిషాలే, 35,000 దగ్గర నిమిషం లోపే. అయితే న్యాయదర్శనంలోనే ఇంకో దారి ఉంది. ఇంతకు ముందు రుజువైన జ్ఞానం లాంటిదే ఇదీ అని పోల్చి నిర్ణయించడం. దాన్నే తిరగేస్తే, ఇంతకు ముందు మోసం చేసిన పరిస్థితి లాంటిదే ఇదీ అని ముందే గుర్తించడం. విమానయాన నిబంధన చేసే పని ఇదే. అమెరికాలో క్యాబిన్ ఎత్తు (లోపలి గాలి ఒత్తిడి ఏ ఎత్తుకు సమానమో అది) 12,500 అడుగులు దాటి అరగంట మించితే పైలట్ ఆక్సిజన్ తీసుకోవాలి, 14,000 దాటితే ఆ అరగంట వెసులుబాటు కూడా లేదు. నీకెలా ఉందని నిబంధన అడగదు. క్యాబిన్‌లో ఒత్తిడి పోయిందని అనుమానం వస్తే మాస్కు ముందు, కారణం వెతకడం తర్వాత. నేల మీద, నిండు స్పృహలో ఉన్న బుద్ధి పైకి వెళ్లబోయే తన బుద్ధికి రాసిపెట్టిన ఆజ్ఞ ఇది.

బేగంపేటలో శిక్షణ విమానాలు ఎగిరే ఎత్తుకు ఇదంతా ఎందుకనవచ్చు. కానీ 2021 కరోనా రెండో అలలో ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోయినా ఫోన్లో మామూలుగా మాట్లాడిన రోగులున్నారు. ‘నాకేం కాలేదు’ అన్న మాటను పక్కన పెట్టి ఇంటిల్లిపాదీ వేలికి తగిలించిన ఆక్సీమీటర్‌ను నమ్మారు. మరి ఆక్సీమీటర్‌కు ప్రమాణమేది, దానికి ఇంకోటి, దానికి మరోటి, ఇది అనవస్థ కాదా అని మీమాంసకుడు అడుగుతాడు. న్యాయమైన ప్రశ్నే. నల్లజాతి రోగుల్లో ఆ పరికరం ఆక్సిజన్ లోటును పట్టుకోలేకపోవడం తెల్లవారిలో కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువని 2020లో అమెరికా వైద్యులు చూపించారు. ధమని రక్తాన్ని పరీక్షించే మరో పద్ధతితో పోల్చే దాన్ని పట్టుకున్నారు. గొలుసుకు చివర లేకపోవచ్చు, కానీ ఒక్కో కొక్కెం ఎక్కడ సడలిందో చూడగలుగుతున్నాం. తనకు తానే సాక్షి అయిన మనసులో ఆ పాటి వీలు కూడా లేదు.

ఇంతకంటే బరువైన అభ్యంతరం ఒకటుంది. సొంత బుద్ధిని నమ్మొద్దన్న మాటను రేపు ఏ గురువో వాడుకుంటాడు: నీకు కమ్మిన మాయ నీకు తెలియదు, నేను చెప్పినట్టు విను. పోలిక నిజమే, అందుకే జాగ్రత్త కావాలి. వాయుసేన పైలట్లను శిక్షణలో భాగంగా గాలి ఒత్తిడి తగ్గించిన గదిలో కూర్చోబెట్టి, మాస్కు తీయించి, కాగితం మీద చిన్న లెక్కలు చేయించే పద్ధతి ఉంది. లోపల బాగానే రాస్తున్నామనుకుంటారు. మాస్కు పెట్టుకున్నాక తమ గిలుకుడు తామే చూసుకుంటారు. అక్కడ తీర్పు చెప్పేది అధికారి కాదు, తేరుకున్న ఆ మనిషే. మాయ కమ్మిందనే గురువును, అలాంటి కాగితం ఒకటి చూపించమని శిష్యుడు అడగాలి.