దారి చూపడం కూడా దానమే

 



దానం అనగానే మన చేయి జేబులోకి వెళుతుంది. డబ్బు లేనివాడు దానం చేయలేడని అనుకుంటాము. కాని దైవప్రవక్త (స) దానానికి గీసిన పరిధి చాలా విశాలమైనది. సోదరుణ్ణి చిరునవ్వుతో పలకరించడం దానమే. బాటలోని ముల్లు తొలగించడం దానమే. దారి తెలియనివాడికి దారి చూపడం కూడా దానమే అని ఆయన బోధించారు.

ఎడారిలో తప్పిపోయిన బాటసారి గురించి చెప్పిన మాట ఇది అని మనం సరిపెట్టుకుంటాము. కాని ఏలూరు, తాడేపల్లిగూడెం వంటి పట్టణాల నడిబొడ్డున కూడా దారి తప్పినవారున్నారు. వారు తప్పిపోయింది వీధుల్లో కాదు, కాగితాల మధ్య, కార్యాలయాల మధ్య. వారు మన పెద్దలు.

ఒకసారి కొల్లేటి లంకల వైపు చూడండి. పిల్లలు పని వెతుక్కుంటూ విజయవాడకో, హైదరాబాదుకో, గల్ఫ్ దేశాలకో వెళ్లిపోయారు. ఇంట్లో మిగిలింది ముసలి దంపతులు, లేదా మనవడితో ఒంటరి మామ్మ. ఆధార్‌లో వయసు తప్పు పడింది. జీవితమంతా నీళ్లలో వల లాగిన వేళ్లు యంత్రం మీద ముద్ర పడవు. తంగెళ్లమూడిలో తివాచీలు నేసి నేసి అరిగిన వేళ్లదీ అదే కథ. ఫోనుకు వచ్చిన నంబరు చదవడం రాదు. ఒక కార్యాలయానికి వెళితే “ఇక్కడ కాదు, అక్కడికి వెళ్లండి” అంటారు. అక్కడికి వెళితే “ఈ కాగితం చాలదు” అంటారు. మూడోసారి వెళ్లే ఓపిక ఉండదు. హక్కు ఉండి కూడా వారు ఇంటి అరుగు మీదే కూలబడిపోతారు.

మరి ఇలాంటివారికి సమాచారం ఎలా చేరుతుంది? ఎక్కువమందికి మనిషి ద్వారానే. పక్కింటి కుర్రాడు చెప్పాలి, మందుల షాపు వాడు చెప్పాలి, మస్జిదులో ఇమాం సాహెబ్ చెప్పాలి. 2019 ఆగస్టు నుంచి సుమారు 50 ఇళ్లకు ఒక వాలంటీరు ఉండేవారు. ఎన్నికల నియమావళి కారణంగా 2024 ఏప్రిల్, మే నెలల్లో వారి చేత పింఛన్ల పంపిణీ ఆగిపోయింది. ఎందరో వృద్ధులు మండుటెండలో సచివాలయాలకూ బ్యాంకులకూ తిరగవలసి వచ్చింది. ఆ వివాదంలో ఎవరిది ఒప్పు, ఎవరిది తప్పు అన్నది ఇక్కడ మా విషయం కాదు. పెద్దలకు తెలిసిన ఒకే ఒక్క ముఖం కనబడకుండా పోతే వారి దారి కూడా మూసుకుపోతుంది. మనం గ్రహించవలసింది ఇదే. ఇప్పుడు సచివాలయ సిబ్బంది నెల మొదట్లో ఇంటికి వచ్చి పింఛను ఇస్తున్నారు. కాని జాబితాలో పేరే లేనివారి ఇంటికి ఎవరు వెళతారు?

హజ్రత్ మూసా (అ) వృత్తాంతం గుర్తు చేసుకోండి. ఆయన ఈజిప్టు నుంచి ప్రాణభయంతో మద్‌యన్ చేరారు. అలసిపోయి ఉన్నారు, పరాయి ఊరు, తెలిసినవారు లేరు. నీటిరేవు దగ్గర జనమంతా పశువులకు నీళ్లు పెడుతున్నారు. ఇద్దరు ఆడపడుచులు మాత్రం తమ మందను ఆపుకుంటూ దూరంగా నిలబడ్డారు. వారు సహాయం అడగలేదు. ఆయనే వెళ్లి సంగతేమిటని అడిగారు. తమ తండ్రి బాగా వృద్ధుడని వారు చెప్పారు. ఆయన వెంటనే వారి మందకు నీళ్లు పెట్టారు. దివ్య ఖుర్‌ఆన్‌లోని ఈ ఘట్టంలో ఎంత పాఠం ఉందో ఆలోచించండి! ఆ రద్దీలో వెనక నిలబడ్డవారిని గమనించినవాడు ఒక్కడే.

ఆత్మాభిమానం కలవారు చేయి చాపరని, తెలియనివారు వారిని ఉన్నవారే అనుకుంటారని అల్ బఖరా సూరా హెచ్చరిస్తుంది. మన పెద్దలలో ఎక్కువమంది ఈ కోవకు చెందినవారే. “ఎలా ఉన్నారు మామ్మా?” అంటే “బాగానే ఉన్నాం నాయనా” అంటారు. ఆ జవాబుతో మనం తృప్తిపడి వెళ్లిపోకూడదు.

ఇక హజ్రత్ ఉమర్ (రజి) సంఘటన చూడండి. ఒక అంధ వృద్ధుడు వీధిలో యాచిస్తుండగా ఆయన కంటపడ్డాడు. అతను యూదుడు. పేదరికం, ముసలితనం, పైగా పన్ను భారం తనను ఈ స్థితికి తెచ్చాయని చెప్పాడు. ఉమర్ (రజి) అతని చేయి పట్టుకుని తన ఇంటికి తీసుకువెళ్లారు, ఉన్నదేదో ఇచ్చారు. తరువాత బైతుల్ మాల్ అధికారికి కబురు పంపి, యౌవనంలో ఇతని శ్రమ తీసుకుని వృద్ధాప్యంలో వదిలేయడం న్యాయం కాదన్నారు. అతనికీ అతనిలాంటి వారికీ పన్ను రద్దు చేయించారు. గమనించండి! ఖలీఫా ఆ ముసలివాడికి బైతుల్ మాల్ ఎక్కడుందో చెప్పి పంపించలేదు. తానే చేయి పట్టుకున్నారు. ఆ వృద్ధుడి మతం ఏమిటన్నది అడ్డురాలేదు. మన వీధిలో హిందూ పెద్దాయన ఉన్నా, క్రైస్తవ మామ్మ ఉన్నా మన బాధ్యత మారదు.

మరి దారి చూపాలంటే ముందు మనకు దారి తెలియాలి. కొన్ని విషయాలు ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండటం మంచిది.

పేద వృద్ధులకు 60 ఏళ్లు నిండితే ఎన్.టి.ఆర్. భరోసా పింఛను ఉంది. 2024 జులైలో ఇది నెలకు 4,000 రూపాయలైంది. మత్స్యకారులకు, చేనేత, గీత కార్మికులకు 50 ఏళ్లకే అర్హత ఉందన్న సంగతి చాలామందికి తెలియదు. పింఛను తీసుకునే భర్త మరణిస్తే భార్య మరణ ధ్రువపత్రంతో సచివాలయంలో వెంటనే దరఖాస్తు చేసుకోవాలి.

వృద్ధుల కోసం 14567 అనే ఉచిత ఫోను నంబరు ఉంది. ఆశ్రమం కావాలన్నా, వేధింపుల గురించి చెప్పాలన్నా, ఏ కార్యాలయానికి వెళ్లాలో తెలియకపోయినా అక్కడ అడగవచ్చు.

2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం ప్రకారం, పోషించని బిడ్డలపై ఆర్డీవో అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు ఇవ్వవచ్చు. తాము ఇవ్వలేకపోతే తమ తరఫున మరొకరి చేత ఇప్పించవచ్చు. చూసుకుంటాడన్న షరతుతో ఆస్తి రాసిచ్చాక బిడ్డ చూడకపోతే ఆ దస్తావేజును రద్దు చేసే అధికారం ట్రిబ్యునల్‌కు ఉందని 2025 జనవరిలో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. కాబట్టి ఆస్తి రాసిచ్చే పెద్దలు ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోవాలి.

ఇక్కడ కొందరు సోదరులు ఒక సందేహం వెలిబుచ్చుతారు. “తల్లిదండ్రులను చూడటం కొడుకు విధి కదా, ప్రభుత్వ పింఛను కోసం పంపడమేమిటి?” అంటారు. నిజమే. అల్లాహ్ తన ఆరాధన వెంటనే తల్లిదండ్రుల సేవను ప్రస్తావించాడు. వారితో విసుగుతో ఒక్క మాట అనడాన్ని కూడా నిషేధించాడు. పింఛను వచ్చిందని కొడుకు బాధ్యత తీరిపోదు. కాని కొడుకు బాధ్యత ఉందని తల్లికి రావలసిన హక్కును వదిలేయమనడం కూడా న్యాయం కాదు. కొడుకు కువైట్‌లో ఉంటే ఆసుపత్రి వరుసలో అమ్మ పక్కన నిలబడేది పొరుగువాడే.

మరో సమస్య ఇంకా సున్నితమైనది. బిడ్డ మీద ఫిర్యాదు చేయడానికి ఏ తల్లికీ మనసొప్పదు. ఇంటి పరువు పోతుందని కడుపులోనే దాచుకుంటుంది. అటువంటప్పుడు ముందు పెద్దమనుషులు కొడుకుతో ఏకాంతంగా, గౌరవంగా మాట్లాడాలి. చాలా ఇళ్లలో అంతటితోనే సమస్య సద్దుమణుగుతుంది. కాకపోతే చట్టం దారి చూపాలి. పరువు పేరుతో ఆ తల్లిని ఆకలికి వదిలేయడం మాత్రం తగదు. ఆమె చెప్పుకున్నది మన దగ్గర అమానతు. అది టీ కొట్టు దాకా వెళ్లకూడదు.

ఇక ఈ సహాయాన్నే వ్యాపారం చేసుకునేవారున్నారు. ఉచితంగా జరిగే పనికి “ఖర్చులుంటాయి మామ్మా” అని మొదటి నెల పింఛను కాజేస్తారు. ఒక వృద్ధురాలి అజ్ఞానాన్ని అమ్ముకుని సంపాదించిన సొమ్ము పళ్లెంలోకి ఏమై వస్తుందో వారు ఆలోచించాలి. చిన్నపాటి వాడుక వస్తువులను సైతం నిరాకరించేవారిని మాఊన్ సూరా గట్టిగా హెచ్చరించింది. ఈ రోజుల్లో ఆ చిన్న వస్తువు ఒక కలం కావచ్చు, ఐదు నిమిషాలు మన ఫోను కావచ్చు.

ప్రతి మస్జిదులో జుమా నమాజు తరువాత ఒక బల్ల వేయండి. చదువుకున్న ఇద్దరు యువకులు కూర్చోండి. కాగితాలు చూడండి, దరఖాస్తు రాయండి, దాని నకలు పెద్దాయన చేతికే ఇవ్వండి. అవసరమైతే బండి మీద కార్యాలయానికి తీసుకువెళ్లండి, పని అయ్యిందో లేదో వారం తరువాత మళ్లీ అడగండి. స్త్రీల సంగతులు స్త్రీలే విచారించేలా చూడండి. దీనికి చందాలు అక్కరలేదు, కొంచెం ఓర్పు చాలు. మంచికి దారి చూపినవారికి ఆ మంచి చేసినవారితో సమానమైన పుణ్యం ఉందని దైవప్రవక్త (స) శుభవార్త వినిపించారు.

అల్లాహ్ మన పెద్దలకు గౌరవప్రదమైన వృద్ధాప్యాన్ని ప్రసాదించుగాక! వారి చేయి పట్టుకునే భాగ్యాన్ని మనకు కలుగజేయుగాక! రేపు మన చేతులు వణికేనాడు మనకూ ఒక చేయి అందించుగాక! ఆమీన్.